ఓబులేసుకు పడని మందు

హిందూపురంలో పట్టుదారం కొని ధర్మవరం మగ్గాలకు చేర్చడం ఓబులేసు పని. కాపురం మాత్రం రెంటికీ నడుమ పెనుకొండలో. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు వెనక సందుల్లో దారం తీసేవాళ్లంతా ఆయన ఎరిగినవాళ్లే. చుట్టలు విప్పించి, పోగును వేలికి చుట్టి లాగి, వెలుతురుకు పట్టి చూసి, నచ్చినవి రెండు గుడ్డసంచుల్లో కట్టుకుని పాసింజరు బండెక్కేవాడు. సీజన్ టికెట్టు. కిటికీ పక్క సీటు. ధర్మవరంలో దిగి, నేతగాళ్ల ఇండ్లు తిరిగి, దారం ఇచ్చి, సాయంత్రం బండికి పెనుకొండ చేరేవాడు.

మనిషి మాట తక్కువ. బేరంలో కూడా రెండు మాటలు పలికి మూడో మాటకు తలాడించేవాడు. ఇంట్లో ఆ లోటు తెలిసేది కాదు. ఎందుకంటే భార్య ఈశ్వరి ఇద్దరి మాటలూ తానే మాట్లాడేది. పాలాయనతో, కరెంటు బిల్లు అబ్బాయితో, పెండ్లి పిలుపుకు వచ్చినవాళ్లతో, అందరితోనూ ఆమే. ఆసుపత్రికి పోయినా అంతే. ఓబులేసు స్టూలు మీద కూర్చుంటే, ఆయనకు ఎప్పటినుంచి దగ్గో, రాత్రి నిద్ర పట్టిందో లేదో, ఏ మందు పడదో ఈశ్వరే డాక్టరుకు చెప్పేది. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండేవాడు. తన ఒంటి సంగతి తనకంటే ఆమెకే బాగా తెలుసని ఆయనకు ధీమా.

పిల్లలు కలగలేదు. రెండేళ్ల కిందట చలికాలంలో ఒక ఉదయం, పొయ్యి మీద పాలు పెట్టి, గుండె పట్టుకుని ఈశ్వరి కూలబడింది. లేవలేదు.

ఆ తర్వాత ఓబులేసు పని మానుకోలేదు. పొద్దున ఒకసారి వండుకుని రెండుపూటలా తినేవాడు. ఇంట్లో చప్పుడు ఉండాలని రేడియో పెట్టేవాడు గానీ, దాంట్లో ఎవరో నవ్వితే కట్టేసేవాడు. ధర్మవరంలో ఈశ్వరి అక్క శంకరమ్మ ఉంది. చెల్లెలు ఉన్నన్నాళ్లూ ప్రతి వారం ఆయన వాళ్లింట్లోనే మజ్జిగ తాగి బండెక్కేవాడు. ఇప్పుడు ఆ వీధి తప్పించి పోతున్నాడు. గొడవేమీ లేదు. అక్కచెల్లెళ్లిద్దరిదీ ఒకటే గొంతు. కర్మాంతరాల రోజు వంటింట్లోంచి శంకరమ్మ ఎవరినో "ఇట్ల రాప్పా" అని పిలిస్తే ఓబులేసు దిగ్గున లేచి నిలబడ్డాడు. తర్వాత గోడకు ఒరిగి చాలాసేపు అట్లే ఉండిపోయాడు. ఆ రోజు నుంచి ఆమె ఎదటికి పోవాలంటే ఆయనకు కాళ్లు రావు. ఆమె కొన్నాళ్లు ఫోను చేసింది. ఎత్తలేదు. ఆమె కూడా మానుకుంది.

పోయిన వానాకాలంలో ఒకరోజు హిందూపురం స్టేషన్లో బండి కదులుతుంటే ఓబులేసు సంచులతో ఎక్కబోయి జారాడు. పడలేదు గానీ మెట్టు ఇనుప అంచు గీసుకుని మోకాలి కింద చర్మం లేచిపోయింది. తువ్వాలతో తుడుచుకుని, సంచుల్లో దారం తడవలేదు కదా అని చూసుకున్నాడు. ఇంటికొచ్చి పసుపు అద్దాడు. అంతటితో మరచిపోయాడు.

కాలు మరవలేదు. గాయం చుట్టూ ఎర్రబడింది. ఎరుపు రోజురోజుకూ పాకింది. పంచె అంచు తగిలినా సలుపు. చెయ్యి పెడితే పొయ్యి పక్క ఇటుక మాదిరి వేడి. ఒక సాయంత్రం ధర్మవరం నుంచి వస్తూ బండిలో ఆయనకు చలి పుట్టింది. పక్కవాళ్లు కిటికీ తెరుచుకుని గాలికి కూర్చున్నారు. ఆయన తువ్వాల కప్పుకుని ముడుచుకున్నాడు. ఇంటికొచ్చి తాళం తీసి, చీకట్లో మంచం మీద కూర్చుని, "జరమొచ్చినట్లుండాది" అన్నాడు పైకే. తన మాట తనకే వింతగా వినబడింది. దీపం వేసి పడుకున్నాడు.

తెల్లారి పక్కింటి భాగ్య చూసింది. భాగ్య మొగుడు మంజునాథ్ ఆటో తోలతాడు. ఈశ్వరి పోయిన తర్వాత వారంలో రెండు మూడుసార్లయినా కూరో, చారో గిన్నెలో పోసి రెండిళ్ల నడిమి గోడ మీద పెట్టి "అన్నా, గిన్నె ఉండాది" అని కేకేసేది ఆమె ఒక్కతే. ఆ పొద్దు గిన్నె తీసుకోడానికి ఓబులేసు కుంటుతూ వచ్చాడు.

"ఏమన్నా, కాలట్ల ఈడుస్తాండావు?" అంది.

పంచె కొంచెం ఎత్తి చూపించాడు. భాగ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, చీము పట్టేటట్లుండాదే! ఆసుపత్రికి పోరాదా?"

"పోవల్ల. ధర్మవరంలో దారం ఇయ్యాలని చెప్పినా. రేపు పోతాలే."

"రేపటిదాకా ఎందుకు? మా ఆయనకు పన్ను కింద వాచినప్పుడు రాసిచ్చినవి ఉండాయి. చీముకే అవి. వారం మింగమనిరి, నాలుగు పొద్దులకే నొప్పి పోయిందని ఆపేసినాడు. మంచి మందన్నా, చానా బిరీన తగ్గింది." లోపలికి పోయి సగం ఖాళీ అయిన మాత్రల అట్ట తెచ్చింది. ఎరుపూ పసుపూ రంగుల గొట్టం మాత్రలు.

ఓబులేసు అట్ట చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగాడు. ఈశ్వరి డాక్టర్లతో ఏదో అనేది. ఏదో సూది తనకు పడదని. సూది కదా, ఇది మాత్రే కదా అనుకున్నాడు. భాగ్య పోసిన చారుతో నాలుగు ముద్దలు తిని, ఒక గొట్టం మాత్ర వేసుకుని నీళ్లు తాగాడు.

సంచి సర్దుతుండగా అరచేతులు దురద పెట్టాయి. దారం నలక అనుకున్నాడు. తర్వాత మెడ, చంకలు, వీపు. చొక్కా ఎత్తి చూస్తే పొట్ట మీద చింతకాయలంత దద్దుర్లు. నాలుక మందంగా అయినట్టనిపించింది. అద్దం ముందుకు పోయాడు. అద్దంలో పెదాలు వాచి ఎవరో వేరే మనిషి. గొంతు దగ్గర ఎవరో పిడికిలి బిగించినట్టుంది. పిలుద్దామని నోరు తెరిస్తే ఈలలాంటి చప్పుడే వచ్చింది. ఎవరిని పిలవాలి? ఆ క్షణంలో కూడా ఆయన నోట్లోకి వచ్చిన పేరు ఈశ్వరిదే.

గోడదాకా పోయాడు. పొద్దున చారు ఒంపుకుని తిరిగి పెట్టిన భాగ్య గిన్నె గోడ మీదే ఉంది. దాన్ని తోసేశాడు. అది బండల మీద పడి మోగింది.

ఆ చప్పుడుకు బయటికొచ్చిన భాగ్య ఆయన మొహం చూసి కేక పెట్టింది. అదృష్టం కొద్దీ మంజునాథ్ ఆటో ఇంకా ఇంటి ముందే ఉంది. ఇద్దరూ ఎత్తి కూర్చోబెట్టారు. పెనుకొండ ఆసుపత్రి ఎంతో దూరం లేదు. అంత దగ్గరిది కాబట్టే బతికాడని తర్వాత అందరూ అన్నారు. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరు ఒక్క చూపు చూసి, పేరు కూడా అడగకుండా తొడలో సూది పొడిపించాడు. మూతికి ఆక్సిజన్ పెట్టించాడు. సెలైను ఎక్కించారు. కాసేపటికి పిడికిలి సడలింది. గాలి లోపలికి పోయింది.

"ఏమి మింగినాడమ్మా?" అని డాక్టరు అడిగితే భాగ్య కొంగులోంచి మాత్రల అట్ట తీసి చూపించింది.

"అమాక్సిసిలిన్. ఎవరు రాసింది ఈయనకు?"

మంజునాథ్ తల వంచుకున్నాడు.

తగ్గినట్టే ఉండి మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఉందని, పైగా కాలు ముదిరిందని, హిందూపురం పెద్దాసుపత్రికి పంపించారు. అంబులెన్సులో పడుకుని ఓబులేసు పైకప్పు చూస్తూ ఉన్నాడు. అదే రోడ్డు, అవే ఊర్లు. కానీ కిటికీ లేదు.

హిందూపురంలో ఆయన్ను చూసిన డాక్టరు పేరు స్వప్న. ముప్పై దాటి ఉండవు. కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చుంది.

"పెద్దాయనా, దీనికి ముందు ఎప్పుడైనా ఏదైనా మందు పడకుండా పోయిందా?"

"ఏదో సూది పడదని మా ఇంటామె అనేదమ్మా."

"ఏ సూది?"

"తెలీదు. ఆమెకు తెలుసు."

"ఆమెను పిలిపించండి, లేకుంటే ఫోన్లో అడగండి."

ఓబులేసు సెలైను గొట్టం వైపు చూశాడు. "ఆమె లేదమ్మా. పోయి రెండేండ్లాయె."

స్వప్న కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది. తర్వాత మెల్లిగా అడిగింది. "ఇంకెవరికైనా తెలుసుంటుందా? గుర్తు చేసుకోండి. కాలికి మందు మొదలుపెట్టాలి. ఏది ఇవ్వకూడదో తెలిస్తే నాకు సులువు. ఈ పొద్దు మింగిన దానితో వచ్చిందని తెలిసింది. అప్పుడు పడనిది కూడా ఇదేనా, వేరేదా అన్నది తెలీదు కదా."

తెలిసి ఉండేది ఒక్కరికే. ఓబులేసు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఆ నంబరు మీద వేలు పెట్టడానికి ఆయనకు, ఆ పొద్దు గోడదాకా నడవడానికి పట్టినంత బలం పట్టింది.

"ఎవరూ?" అంది అవతలి గొంతు.

అచ్చం ఆ గొంతే. మొహం లేకుండా గొంతొక్కటే. ఓబులేసు కళ్లు మూసుకున్నాడు.

"ఎవరు మాట్లాడేది? ఓబులేసా? ఏమప్పా, మాట్లాడవే?"

"వదినా," అన్నాడు. అంతకంటే రాలేదు. స్వప్న ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని, సంగతి చెప్పి, స్పీకరు పెట్టింది.

శంకరమ్మ ఏడవలేదు. ముందు తెలిసింది చెప్పింది. "అది పెన్సిలిన్ సూదమ్మా. వాళ్ల పెండ్లయిన కొత్తల్లో. ఆయన పాదానికి గాజుపెంకు గుచ్చుకొని వాచింటే సూది ఏసిరి. ఒళ్లంతా దద్దుర్లు లేసె, కండ్లు మూసుకుపాయె. ఆడుండే పెద్ద డాక్టరు మా చెల్లెల్ని పక్కకు పిలిచి చెప్పినాడంట, ఈ జాతి మందు సూది గానీ, మాత్ర గానీ, టానిక్కు గానీ ఈయనకు జన్మలో ఇయ్యొద్దని. ఆ పిల్ల అదురుకొని నా దగ్గరికొచ్చి చెప్పింది. ఎవరు మరిచినా నేను మరవకూడదక్కా అనింది." అంతా చెప్పాకే అడిగింది. "ఇప్పుడెట్లుండాడమ్మా?"

"బాగున్నారు. మీరు చెప్పింది చాలా ఉపయోగం," అంది స్వప్న.

"నేను వస్తాండా."

"వద్దొదినా," అన్నాడు ఓబులేసు తొందరగా. "దూరం. నాకేం కాలే." ఆమె ఏదో అంటుండగానే ఫోను పెట్టేశాడు. పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్వప్న కుర్చీ చప్పుడు చేయకుండా లేచి పోయింది.

ఆ సాయంత్రం ఆమె మళ్లీ వచ్చి ఓపికగా చెప్పింది. అమాక్సిసిలిన్ కూడా పెన్సిలిన్ కుటుంబంలోదే. సూదిగా పోయినా, మాత్రగా పోయినా ఒంటికి ఒకటే. పడనిది ఏ దారిన వచ్చినా పడదు. ఒకరికి రాసిన మందు ఇంకొకరికి అమృతం కావచ్చు, విషం కావచ్చు. కాలికి వేరే జాతి మందు మొదలుపెడుతున్నానని, దాని పేరు క్లిండామైసిన్ అని చెప్పింది. తర్వాత ఒక పని చేయించింది. "నాకు పెన్సిలిన్ జాతి మందులు పడవు. చెప్పండి పెద్దాయనా."

ఓబులేసు సిగ్గుపడ్డాడు. "నువ్వు రాసినావు కదమ్మా చీటీలో."

"చీటీ ఇంట్లో మరిచిపోతారు. నోరు మరిచిపోరు కదా."

చెప్పాడు. తడబడ్డాడు. మళ్లీ చెప్పించింది.

ఆమె చేసిన ఇంకో పని ఆయనకు వింతగా తోచింది. పెన్ను తీసి కాలి మీద ఎరుపు ఎక్కడిదాకా ఉందో ఆ అంచు వెంబడి గీత గీసింది. "ఎరుపు ఈ గీత దాటి పైకి పోతే వెంటనే చెప్పండి. లోపలికి తగ్గుతూ వస్తే మందు పనిచేస్తున్నట్టు."

వార్డులో ప్రతి మంచం పక్కన ఎవరో ఒకరున్నారు. చాపలు, టిఫిను క్యారేజీలు, ఫ్లాస్కులు. పక్క మంచం పరిగి దగ్గరి రైతు రంగప్పది. ఆయన చుట్టూ ఎప్పుడూ నలుగురు. కన్నడం, తెలుగు కలిపి ఒకటే మాటలు. నర్సు వచ్చి "ఈ బెడ్డు వాళ్ల మనుషులెవరు?" అని అడిగినప్పుడల్లా ఓబులేసు "నేనే" అనేవాడు. "పేషెంటు కాదు తాతా, కూడా ఉండేవాళ్లు." "దానికి కూడా నేనే," అని ఒకసారి అన్నాడు. నర్సు నవ్వింది. ఆయన నవ్వాలని అనలేదు. రంగప్ప కోడలు ఒక ముద్ద సంగటి, పప్పు ఆకులో పెట్టి ఇచ్చేది. ఓబులేసు తీసుకుని అటు తిరిగి తినేవాడు. పొద్దున్నే పంచె జరిపి గీత చూసుకునేవాడు. మొదట ఎరుపు సరిగ్గా ఆ గీత అంచునే ఉంది. తర్వాత గీతకూ ఎరుపుకూ నడుమ సన్నని తెల్లచారిక వచ్చింది. ఆ చారికను ఎవరికైనా చూపించాలనిపించింది. రంగప్ప నిద్రపోతున్నాడు.

జ్వరం పోయి, వాపు దిగాక ఇంటికి పంపించారు. మిగతా మందు ఇంట్లో మింగాలి. స్వప్న చెప్పింది చెప్పినట్టే చేయమంది. నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, మింగిన వెంటనే పడుకోకూడదు, గొంతులో ఇరుక్కుంటే పుండు చేస్తుంది. కాలు మామూలైనా మాత్రలు అయిపోయేదాకా ఆపకూడదు. విరేచనాలు అయితే ఫోను చేయాలి, సొంతంగా కట్టే మాత్రలు వేసుకోకూడదు.

పెనుకొండలో ఇల్లు మూసిన వాసన వేసింది. గోడ మీద గిన్నె లేదు. మరుసటి రోజూ లేదు. భాగ్య వాకిలి ఊడుస్తూ కనబడింది. ఆయన్ను చూసి లోపలికి పోయింది. మంజునాథ్ ఆటో కూడా ఇప్పుడు వీధి చివర పెడుతున్నాడు. ఇన్నాళ్లూ భాగ్య వేసే కేక ఒక్కటే తన ఇంటికి వినబడే మనిషి గొంతు. అదీ పోయింది. ఓబులేసుకు అప్పుడు తెలిసింది, ఇంతకాలం తాను పూర్తిగా ఒంటరి కాడని. ఇప్పుడయ్యాడు.

మందు మింగాలంటే తినాలి. తినాలంటే వండాలి. ఒక్కడి కోసం పొయ్యి ముట్టించడం కష్టంగా ఉన్నా, మాత్ర కోసం ముట్టించాడు. కాలు నానాటికీ తేలికైంది. పెన్ను గీత చెరిగిపోయింది, చెరగకముందే ఎరుపు దాన్ని వదిలి గాయం దగ్గరికి ముడుచుకుంది. ధర్మవరం నుంచి ఫోన్లు మొదలైనాయి. మగ్గం మీద చీర సగంలో ఆగింది, దారం ఎప్పుడు తెస్తావని. నడుస్తున్నాడు, జ్వరం లేదు. ఇంకా ఎందుకీ మాత్రలు అని ఆయనకూ అనిపించింది. దానికి తోడు కడుపు చెడింది. ఒక ఉదయం నీళ్ల విరేచనాలు. మెడికల్ షాపుకు పోతే షాపాయన సంగతి విని, "ఆ మాత్రల వేడప్పా అది. యిడ్సిపెట్టు వాటిని. కాలు బాగైందంటివి కదా. విరేచనం కట్టేదానికి ఇది ఏసుకో," అని ఒక మాత్ర ఇవ్వబోయాడు.

ఓబులేసు చెయ్యి చాపలేదు. షాపు మెట్ల మీదే నిలబడి హిందూపురానికి ఫోను చేశాడు. స్వప్న ఎత్తింది. రక్తం పడుతోందా, కడుపు నొప్పి ఉందా, జ్వరం వచ్చిందా, ఎన్నిసార్లు అయింది అని అడిగింది. ఆయన ప్రతిదానికీ తనే జవాబు చెప్పాడు. తన ఒంటి గురించి అన్ని మాటలు ఆయన పుట్టాక ఎవరితోనూ మాట్లాడలేదు.

"భయపడేది కాదు. మాత్రలు కొనసాగించండి. ఓఆర్‌ఎస్ నీళ్లు తాగుతూ ఉండండి. ఎక్కువైనా, రక్తం పడినా, కడుపు ఉబ్బినా ఆగకుండా వచ్చేయండి. అడిగి మంచి పని చేశారు."

షాపాయన ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇచ్చాడు. విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. మాత్రలు మింగుతూనే ఉన్నాడు.

కడుపు కుదుటపడిన రోజు సాయంత్రం ఓబులేసు భాగ్య ఇంటి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. ఎప్పుడూ పోలేదు. ఏం మాట్లాడాలో తెలీదు. లోపల మంజునాథ్ దవడకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. చెంప మళ్లీ వాచింది.

భాగ్య గుమ్మంలోకి వచ్చింది. కళ్లెత్తలేదు. "అన్నా, నిన్ను సంపేసేదాన్ని," అంది.

"నువ్వు ఇయ్యకుంటే ఎవరిస్తారమ్మా నాకు?" అన్నాడు ఓబులేసు. అనుకుని అన్న మాట కాదు. ఆగి మళ్లీ అన్నాడు. "తప్పు నాది. నాకు పడనిది నాకు తెలియల్ల. నా మాట పక్కన పెట్టు. ఈయప్పను పండ్ల డాక్టరు దగ్గరికి తీస్కపో. సగంలో ఆపితే లోపల మిగిలింది మళ్ల లేస్తుందని ఆ డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో మిగిలినవి ఉంటే మళ్ల మింగొద్దు. అవి ఆసుపత్రిలో ఇచ్చెయ్, ఏం చేయాల్నో వాళ్లు చూసుకుంటారు."

మంజునాథ్ దవడ పట్టుకునే తలాడించాడు. భాగ్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. కూర్చోమనలేదు, ఆయన కూర్చోలేదు. కానీ మరుసటి పొద్దున గోడ మీద గిన్నె కనబడింది. కేక మాత్రం వినబడలేదు. భాగ్య మళ్లీ పిలవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

చివరి మాత్ర మింగిన తర్వాత చూపించుకోడానికి హిందూపురం పోయాడు. స్వప్న కాలు నొక్కి చూసింది. నల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. "పూర్తిగా తగ్గింది. ఇక రానక్కర్లేదు," అంది. ఆయన వెనక వరసలో జనం నిలబడి ఉన్నారు. ఓబులేసు దండం పెట్టి బయటికొచ్చాడు.

బయట ఎండ. రోడ్డు పక్క చింతపండు బస్తాల లారీలు నిలబడి ఉన్నాయి. బాగైంది. సంతోషమే. కానీ ఆ సంతోషం చేతిలో పెట్టుకుని ఎవరి దగ్గరికి పోవాలో ఆయనకు తోచలేదు. టీ తాగాడు. టీ కొట్టాయనతో "కాలు బాగైందప్పా" అందామనుకున్నాడు. ఆయన అప్పటికే వేరేవాళ్లకు గ్లాసు అందిస్తున్నాడు.

బండిలో ఎదురు సీటులో కొత్తచెరువు పోవాల్సిన ముసలాయన ఒకడు కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తూ, ఈ ఏడు శెనక్కాయలు ఎత్తిపోయేటట్లుండాయని, గింజ దక్కదని తనలో తాను అనుకుంటున్నాడు. ఓబులేసు ఉన్నట్టుండి పంచె కొంచెం ఎత్తి, "ఈ కాలప్పా, పోవాల్సింది," అన్నాడు.

ముసలాయన తిరిగాడు. "ఏమయ్యిండె?"

ఓబులేసు చెప్పడం మొదలుపెట్టాడు. మెట్టు గీసుకోవడం, మాత్ర మింగడం, పెదాలు వాచడం. "నాకు పెన్సిలిన్ జాతి మందులు పడవు," అన్నాడు తడబడకుండా. ముసలాయన "ఓహో" అన్నాడు. మందుల సంగతి అడిగాడు, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. ఈశ్వరి సంగతి కూడా చెప్పాడు ఓబులేసు. ఆమె ఎట్లా పోయిందో, ఆ పాలు పొంగి పొయ్యి ఎట్లా ఆరిపోయిందో కూడా చెప్పాడు. రెండేళ్లలో ఎవరికీ చెప్పని మాట. ముసలాయన మధ్యలో అడ్డం రాలేదు.

పెనుకొండ స్టేషన్ వచ్చింది. కొండ కనబడింది. జనం దిగుతున్నారు.

"ఇదే కదప్పా మీ ఊరు? దిగవేమి?"

ఓబులేసు ప్లాటుఫారం వైపు చూశాడు. తాళం వేసిన తలుపు, ఆరిన పొయ్యి గుర్తొచ్చాయి. "ధర్మవరం దాకా పోతా," అన్నాడు. బండి కదిలింది.

ధర్మవరంలో దిగి, రెండేళ్లుగా తప్పించుకుంటున్న వీధిలోకి తిరిగాడు. ప్రతి ఇంట్లోంచీ మగ్గాల చప్పుడు. శంకరమ్మ ఇంటికి తాళం ఉంది. ఎదురింటామె, గుడికి పోయిందని, వస్తుందని చెప్పి చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఓబులేసు అరుగు మీద కూర్చున్నాడు. వెళ్లిపోదామా అని రెండుసార్లు లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

వీధి చివర శంకరమ్మ కనబడింది. ఒళ్లు తగ్గింది, నడకలో వయసు తెలుస్తోంది. అరుగు మీద ఎవరో ఉన్నారని కళ్లు చిట్లించి చూస్తూ వచ్చింది. గుర్తుపట్టి, వాకిట్లో ఆగిపోయింది. తాళం తీసింది. తలుపు తెరిచి పట్టుకుని, పక్కకు జరిగి నిలబడింది.

ఓబులేసు చెప్పులు విప్పి లోపలికి పోయాడు.